అంతా దొరలే చేశారా?

ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని చర్చిల గురించి గొంతు చించుకునేవాళ్లు రెండు రకాలు. మొదటి రకానికి అదంతా విదేశీ డబ్బు, విదేశీ కుట్ర. రెండో రకం ఆ సంఘాల పెద్దలే. నూరేళ్ల పండుగకో నూటపాతికేళ్ల పండుగకో సావనీర్ వేస్తారు. మొదటి పేజీలో దొరగారి ఫొటో, రెండో పేజీలో దొరసానిగారి ఫొటో, ఆ వెనక ఎమ్మెల్యేగారి శుభాకాంక్షలు, చివర్లో ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఏ పాస్టరుగారు పనిచేశారో ఒక పట్టిక. చరిత్ర అయిపోయింది, ఇక భోజనాలు.

ఒకరు తిట్టడానికి చెబుతారు, ఇంకొకరు పొగడడానికి చెబుతారు. కథ మాత్రం ఒక్కటే. సముద్రాల అవతలి నుంచి ఎవరో వచ్చారు, ఇక్కడివాళ్లను మార్చేశారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం మనుషులు ఈ కథలో తమంతట తాము ఏమీ చేయరు. వాళ్లకు అన్నీ ఎవరో చేసిపెడతారు. ఈ కథ తప్పు. అది తప్పని ఒప్పుకోవడం రెండు పక్షాలకూ ఇష్టం లేదు. తిట్టేవాడికి విదేశీయుడు కావాలి, పొగిడేవాడికి తెల్లముఖం కావాలి.

గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 38 శాతం క్రైస్తవులు. ఒడిశా మొత్తం మీద చూస్తే 3 శాతం కూడా లేరు. పర్లాకిమిడి వెనక కొండలెక్కితే ఊరూరా ఒక ప్రార్థన మందిరం కనిపిస్తుంది. ఇన్ని సంఘాలను గుప్పెడు మంది తెల్లవాళ్లు కట్టారంటే నమ్మేదెలా? వాళ్లు వేసవి వస్తే చల్లటి కొండ ఊళ్లకు పోయేవారు, జ్వరం వస్తే ఓడెక్కేవారు. మిగిలిన రోజుల్లో ఆ ఊళ్లలో ఎవరు తిరిగారు?

మొదటి నుంచీ చూద్దాం. మన ప్రాంతంలో బాప్టిస్టు సంఘాలంటే కెనడా మిషను అనేస్తాం. ఆ మిషను తెలుగు నేలకు ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. థామస్ గాబ్రియేల్ అనే తెలుగు మనిషి తంతి శాఖలో గుమాస్తా. ఉద్యోగం వదులుకుని కాకినాడలో తన సొంత పూనికతో సువార్త పని మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు చేతిలో డబ్బు అయిపోయింది. అప్పుడు కెనడా బాప్టిస్టులకు కబురు పెట్టాడు. 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడ వచ్చింది ఆ పిలుపు మీదే. వచ్చిన ఏడాది తిరక్కుండానే, 1875 ఆరంభంలో, గాబ్రియేల్ కన్నుమూశాడు. ఆ మిషనే తర్వాత భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం మీదుగా పర్లాకిమిడి చేరి, అక్కడి నుంచి సవర గిరిజనుల కొండలెక్కింది. అంటే ముందు మనవాడు పని మొదలెట్టాడు, తర్వాత తెల్లవాడు సాయానికి వచ్చాడు. సావనీర్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. మెక్‌లారిన్ 'తండ్రి', గాబ్రియేల్ 'సహాయకుడు'.

బరంపురం సంగతి ఇంకా బాగుంటుంది. ఇంగ్లండు జనరల్ బాప్టిస్టులు 1822లో కటక్‌లో దిగారు. వాళ్ల లక్ష్యం ఒడిశా, వాళ్లు నేర్చుకున్నది ఒడియా, కన్ను పూరీ మీద. ఐదేళ్లు గడిచినా స్థానికులు ఒక్కరూ చేరలేదు. చివరికి ఆ మిషనులో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నది ఒక తెలుగువాడు. 1827 క్రిస్మస్ రోజున, బరంపురంలో. బాంప్టన్ దొర చేతుల మీదుగా. మిషను రాతల్లో అతని పేరు ఎరున్ అని ఉంది. ఒడియా బ్రాహ్మణుడు గంగాధర్ సారంగి బాప్తిస్మం ఆ తర్వాత 1828లో. గంగాధర్ పేరు ఒడిశా క్రైస్తవ చరిత్రల్లో ఘనంగా వినిపిస్తుంది, వినిపించాల్సిందే. ఎరున్ పేరు మాత్రం ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఒడియావాళ్లకు అతను తెలుగువాడు, ఆంధ్రవాళ్లకు అతను ఒడిశా మిషను మనిషి. 2027 డిసెంబరు 25కి ఆ బాప్తిస్మానికి రెండు వందల ఏళ్లు నిండుతాయి. ఏ సంఘం తన క్యాలెండర్లో ఈ తేదీని గుర్తు పెట్టుకుంటుందో చూడాలని ఉంది.

దీనికి అచ్చంగా ఎదురు దిశలో సాగింది పురుషోత్తమ చౌదరి జీవితం. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. శ్రీకాకుళంలో క్రైస్తవ పుస్తకాలు పరిచయమయ్యాయి. బాప్తిస్మం కోసం కటక్ దాకా వెళ్లాడు, 1833లో. తిరిగొచ్చి తెలుగులో కీర్తనలు కట్టాడు, రాగం తాళం వేసి మరీ. 1890లో చనిపోయేదాకా ఆయన కలం ఆగలేదు. ఈ రోజు నెల్లూరులోనో ఖమ్మంలోనో ఆదివారం ఆరాధనలో ఆయన పాట ఎత్తుకుంటారు. అది సరిహద్దు గడ్డ మీద పుట్టిన మనిషి పాట అని పాడేవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఒక తెలుగువాడు ఒడియా మిషనుకు మొదటి విశ్వాసి కావడం, తెలుగు సంఘాలన్నిటికీ పాట ఇచ్చిన కవి ఒడియా నగరంలో బాప్తిస్మం తీసుకోవడం... రాష్ట్రాల గీతలు గీసుకున్నాక మనం ఈ చరిత్రను రెండు ముక్కలు చేసుకున్నాం. ఏ ముక్కలోనూ ఈ మనుషులు పూర్తిగా ఇమడలేదు.

మరి స్థానికుల పేర్లు ఎందుకు పోయాయి? ఇందులో కుట్ర ఏమీ లేదు, ఖర్చుల లెక్క ఉంది. మిషనరీ రాసిన రిపోర్టు చదివేది లండన్‌లోనో టొరంటోలోనో చందా ఇచ్చే పెద్దమనిషి. తన డబ్బుతో పంపిన మనిషి ఏం చేశాడో ఆయనకు తెలియాలి. అందుకని రిపోర్టు నిండా 'నేను వెళ్లాను, నేను బోధించాను' అని ఉంటుంది. పక్కన నడిచినవాడు 'నేటివ్ ప్రీచర్'. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లతో మాట్లాడిన మనిషి 'మా బైబిలు స్త్రీ'. పేరు రాస్తే ఒక్క ముక్కే రాస్తారు. ఇంటిపేరు, ఊరు ఉండవు. దొరగారు గుర్రం మీదనో ఎడ్లబండి మీదనో ఏడాదికోసారి వచ్చే ఊరికి ఉపదేశి వారం వారం కాలినడకన వెళ్లేవాడు. పెళ్లిళ్లు, చావులు, తగువులు, పిల్లలకు అక్షరాలు అన్నీ అతనే చూసుకునేవాడు. జీతం కొద్ది రూపాయలు. మన సంఘాల చరిత్రలు ఆ రిపోర్టులు చూసి రాసినవే కనుక అందులో దొర ఒక్కడే నడుస్తూ కనిపిస్తాడు. లండన్ మిషను సంగతీ అంతే. విశాఖలో సువార్తలను తెలుగు చేసినది డెస్ గ్రాంజెస్ అంటారు. పక్కన కూర్చుని ప్రతి వాక్యానికీ తెలుగు నడక నేర్పిన ఆనందరాయర్ పేరు ఫుట్‌నోట్‌లో ఉంటే గొప్ప.

జయపురం సంస్థానంలో ఏం జరిగిందో చూస్తే నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్ మిషనరీలు పోల్, బోత్మాన్ 1882లో కొరాపుట్ చేరారు. మరుసటి ఏడు కిందికి దిగి సాలూరులో స్థిరపడ్డారు. అక్కడి నుంచి పార్వతీపురం, జయపురం, కోట్‌పాడ్, నవరంగపురం. వాళ్ల ప్రణాళిక కొండజాతుల కోసం. తలుపు తట్టి వచ్చినవాళ్లు మాత్రం ఎక్కువగా డోంబ్ కులస్తులు. ఊరికి చివర బతికేవాళ్లు, నేత నేసి, సంతలు తిరిగి, డప్పులు వాయించి పొట్టపోసుకునేవాళ్లు. మిషను వాళ్లను ఎంచుకోలేదు, వాళ్లే మిషనును ఎంచుకున్నారు. ఎందుకు ఎంచుకున్నారో వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి: బడి, కచేరీలో తమ తరఫున మాట్లాడే మనిషి, అందరితో కలిసి ఒకే బల్ల దగ్గర ప్రభు సంస్కారం. ఇవి ఆత్మకు సంబంధించినవా, పొట్టకు సంబంధించినవా అని వేరుచేసి అడిగేవాళ్లు ఊరి చివర ఇంట్లో పుట్టి ఉండరు.

తర్వాత 1914 వచ్చింది. ప్రపంచ యుద్ధం. బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలను శత్రుదేశ పౌరులుగా పట్టుకెళ్లింది. కొంత ఆలనాపాలనా రాజమండ్రి వైపు అమెరికన్ లూథరన్లు చూసుకున్నారు. కానీ కొండదారుల్లో నూట ముప్పై, నూట నలభై మైళ్ల దూరంలో ఉన్న సంఘాలను రోజూ చూసేదెవరు? ఉపదేశులు, బడిపంతుళ్లు, సంఘ పెద్దలు. సంఘాలు కూలిపోవాలి కదా, దొరలే అంతా చేసి ఉంటే? కూలలేదు. 1928లో జయపురం ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా సొంత పేరుతో నిలబడ్డాయి. మళ్లీ 1939లో రెండో యుద్ధం, మళ్లీ జర్మన్లు నిర్బంధ శిబిరాల్లోకి. మళ్లీ సంఘాలు నడిచాయి. ఒక్క తరంలో రెండుసార్లు పరీక్ష పెట్టినట్టయింది, రెండుసార్లూ పాసయ్యారు. పాసైనవాళ్ల పేర్లు ఏవీ? పోల్, బోత్మాన్ పేర్లు నేను ఇప్పుడే రాశాను చూడండి. ఆ యుద్ధకాలంలో కోట్‌పాడ్ పక్క ఊళ్లో ఆరాధన నడిపిన పంతులు పేరు రాయమంటే నాకు దొరకదు. నా కోపమంతా అక్కడే.

సవర కొండల్లోనూ ఇదే. సెరంగోలో కెనడావాళ్ల ఆసుపత్రి, ఆ పక్క రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో డేనిష్ డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో మొదలుపెట్టిన ఆసుపత్రి ఎందరి ప్రాణాలో నిలబెట్టాయి. ఆ రుణం ఎవరూ కాదనరు. కానీ సవరల్లో సంఘాలు ఊపందుకున్నది ఎప్పుడు? కెనడా మిషనరీలు దాదాపుగా వెళ్లిపోయాక. గత శతాబ్దం చివరి పాతికేళ్లలో. పాత ఆచారాలు తల్లిదండ్రుల దగ్గరే ఉండగా, చదువుకున్న పిల్లలు చర్చికి నడిచారు. వాళ్లకు బోధించినవాళ్లు పక్క ఊరి సవరలు, పాణో కులపు దళితులు, ఒకరిద్దరు తెలుగు పంతుళ్లు. తెల్లవాడు కొండ దిగిపోయాక పెరిగినదాన్ని తెల్లవాడి పని అనడం ఏ లెక్కన?

అవతలి వాదనలో బలమైన మాటలు రెండున్నాయి. ఖోండు గిరిజనుల నరబలిని ఆపడానికి వెళ్లిన ఇంగ్లీషు సైన్యం విడిపించిన మెరియా పిల్లలను, అంటే బలి కోసం ఉంచిన పిల్లలను, తెచ్చి బరంపురం, కటక్ మిషను బడుల్లో చేర్చారు. 1866 కరవులో అనాథలైన పిల్లలు కూడా మిషను శరణాలయాలకే చేరారు. ఆ పిల్లలను ఎవరూ అడగలేదు, అది నిజం. ప్రలోభం పెట్టి మతం మార్చిన సందర్భాలూ ఉండి ఉంటాయి. అందుకే కదా 1967లో ఒడిశా మత స్వేచ్ఛ చట్టం తెచ్చింది. హైకోర్టు కొట్టేసింది, 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఆ చట్టం అమల్లో ఉండగానే, కలెక్టరుకు ముందుగా చెప్పాలన్న నిబంధనలు ఉండగానే, 2008లో క్రైస్తవుల మీద దాడులతో కంధమాల్ కాలుతుంటే గజపతి, రాయగడ గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్న తర్వాత కూడా, ఈ సంఘాలు నిలబడి ఉన్నాయి. ప్రలోభంతో వచ్చినవాడు ఇంత భయంలో ఉంటాడా?

పెద్దలకు నేను చెప్పేది ఒకటే. మీ బీరువా తెరవండి. చాలాచోట్ల పాత బాప్తిస్మం రిజిస్టర్లు ఇంకా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, వృత్తి, సాక్షి సంతకమో వేలిముద్రో. కొన్నిటిలో పూర్వ కులం కూడా. తెల్లదొర రిపోర్టులో లేనివాళ్లంతా అందులో ఉన్నారు. చెదలు తింటున్నాయి, వానకు తడుస్తున్నాయి, కొత్త మందిరం కట్టేటప్పుడు పాత కాగితాలతో పాటు పోతున్నాయి. సమాధుల తోటలో రాళ్లదీ అదే గతి. దొరసాని సమాధికి సున్నం వేస్తారు, పక్కనున్న బైబిలు స్త్రీ రాయి మీద పేరు చెరిగిపోయినా పట్టించుకునే నాథుడు లేడు.

రిజిస్టరు తెరవకపోవడానికి అసలు కారణం నాకు తెలుసు, మీకూ తెలుసు. సర్టిఫికెట్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు ఇచ్చారు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వలేదు. ఈ విషయం తేల్చమని 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఎస్టీలకు ఈ బాధ లేదు. మతం మారినా సవర సవరే. అందువల్ల ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు ధైర్యంగా క్రైస్తవుడినని చెప్పుకుంటారు, రెండోవారు కాగితం మీద హిందువుగా ఉండి ఆదివారం మాత్రం చర్చికి వస్తారు. వాళ్ల తాత పేరు రిజిస్టరులో అచ్చయితే మనవడి ఉద్యోగం పోతుందన్న టెన్షన్. న్యాయమైన భయమే అది. ఒక మనిషి తన తాత ఎవరో చెప్పుకోలేకుండా చేసిన ఉత్తర్వు మీద కోపం తెచ్చుకోవాలి గానీ భయపడేవాళ్ల మీద కాదు. అయినా దారి ఉంది. బతికున్నవాళ్లవి వదిలేయండి. 1900కి ముందువి తీయండి. ఇంటిపేర్లు తీసేసి ఊరు, వృత్తి మాత్రం అచ్చేయండి. అది కూడా కుదరకపోతే కనీసం ఫొటోలు తీసి భద్రం చేయండి.

ఇక నన్ను ఎక్కువగా వేధించే విషయానికి వస్తాను. ఈ సంఘాల చరిత్ర పోతున్నదంటే, దాన్ని చదవగలిగే భాష కూడా అక్కడ పోతున్నది కనుక. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. విశాఖ ఏజెన్సీలోని జయపురం ప్రాంతం కొరాపుట్ జిల్లా అయింది. తెలుగు కుటుంబాలు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. తెలుగు బడులు ఒక్కొక్కటిగా తగ్గాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. టీచరు రిటైరైతే కొత్త టీచరు రాడు, అంతే. కోర్టులో కొట్లాడాల్సిన పని కూడా లేకుండా బడి తనంతట తానే మూతపడుతుంది.

అలాంటి చోట తెలుగు అక్షరం ఎక్కడ మిగిలింది? ఇంట్లో మాటగా మిగిలింది. చదువుగా మిగిలింది చాలావరకు ఆదివారం బడిలో. బడిలో ఒడియా, ట్యూషన్లో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లాడు తెలుగు అచ్చు చూసేది బైబిల్లోనూ కీర్తనల పుస్తకంలోనూ. అమ్మమ్మ పక్కన కూర్చుని వేలు పెట్టి చదివిస్తే వచ్చిన తెలుగు అది. రైల్వే ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్ దాకా వెళ్లిన తెలుగు కుటుంబాల్లోనూ తెలుగును రెండు మూడు తరాలు నిలబెట్టిన చోట్లలో సంఘం ఒకటి. ఇప్పుడు అదీ జారిపోతోంది. పాట ప్రొజెక్టరు మీద ఇంగ్లీషు అక్షరాల్లో వస్తోంది. కుర్రాళ్లు రాగం తప్పకుండా పాడతారు. అదే పాట తెలుగు అచ్చులో ఇస్తే తడబడతారు. ఒడియాలో ఆరాధన పెట్టండని అడిగేవాళ్లు పెరుగుతున్నారు, వాళ్లను తప్పు పట్టలేం. వాళ్లకు వచ్చిన లిపి అదే. కానీ తెలుగు రిజిస్టరు, తెలుగు మినిట్స్ పుస్తకం, తెలుగు సమాధి రాయి చదవగలిగేవాడు ఇంకో ఇరవై ఏళ్లకు ఆ సంఘంలో ఉండడు.

ఇటువైపు మనం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచింది పర్లాకిమిడిలో. రాజావారి బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, సవరల పిల్లలకు బడులు పెట్టించి, వాచకాలు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేసింది అక్కడే. ఆయన క్రైస్తవుడు కాదు, మిషనరీ కాదు. కొండవాడి పిల్లకు కొండవాడి మాటలోనే చదువు చెప్పాలన్నాడు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆ వృద్ధుడు ఊరు విడిచి రాజమండ్రి చేరాడు, 1940లో పోయాడు. ఆయన విగ్రహానికి దండ వేసి ఉపన్యాసాలిచ్చే మంత్రులెవరికీ ఆయన బతికిన ఊళ్లో ఈ రోజు తెలుగు చదివే పిల్లలు ఎందరని అడగాలని తోచదు. ఆంధ్ర, ఒడిశా రెండూ మావేనంటున్న సరిహద్దులోని కొటియా గ్రామాల్లో ఓట్ల కోసం రెండు రాష్ట్రాలూ పోటీపడి రోడ్లు వేస్తాయి, రేషన్ కార్డులిస్తాయి. పలకా బలపం గురించి పోటీ పడిన దాఖలా లేదు.

పాఠశాల పెట్టడానికి ప్రభుత్వం కావాలి, కోర్టు కావాలి, టీచరు పోస్టు కావాలి. ఆదివారం ఆరాధన అయ్యాక గంటసేపు పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడానికి ఇవేవీ అక్కర్లేదు. కాకినాడలోని బాప్టిస్టు కన్వెన్షన్‌వాళ్లు, గుంటూరు, రాజమండ్రి లూథరన్లు ఏటా బరంపురం, రాయగడలకు ప్రసంగీకులను పంపి ఉజ్జీవ సభలు పెట్టించడం మానమని నేను అనను. ఆ బండిలోనే వంద తెలుగు వాచకాలు వేసి పంపమంటున్నాను. వచ్చిన ప్రసంగీకుడు తిరుగు ప్రయాణంలో ఖాళీ చేతులతో రాకుండా, అక్కడి సంఘం పాత రిజిస్టరును ఫోనులో పేజీ పేజీ ఫొటో తీసుకుని వస్తే చాలు. జయపురం లూథరన్ చర్చికి 2028లో నూరేళ్లు నిండుతున్నాయి. సావనీర్ తప్పకుండా వస్తుంది, ఆ పేజీలకు సరిపడా పేర్లు వెతకడానికి రెండు మూడేళ్లు సరిపోతాయో లేదో.